ముత్తాత పేరు మీది ఇల్లు

అమెరికాలో, జార్జియా రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్న, మన జిల్లా లాంటి మా కౌంటీలో మనుషుల కంటే పైన్ చెట్లు ఎక్కువ. ఈ మాటకు లెక్కలు అక్కర్లేదు, కారులో పావుగంట తిరిగితే చాలు. చెట్లు ఆగిన చోట వేరుశనగ చేలు, చేల చివర పొడుగాటి రేకుల షెడ్లలో కోళ్లు, వీటన్నిటి నడుమ గడియారం ఉన్న కోర్టు భవనం. ఆ భవనం కింది అంతస్తులో, కిటికీ లేని ఒక గదిలో నేను ఉద్యోగం చేస్తున్నాను. నా పని కౌంటీ ప్రొఫైల్ రాయడం. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది వెళ్లిపోయారు, ఏ వయసువాళ్లు, ఏం పని చేస్తారు, ఇళ్లు సొంతమా అద్దెవా, ఆసుపత్రి ఎంత దూరం అన్నవి పట్టికలుగా వేసి, కింద వివరణ రాయాలి. పై ప్రభుత్వాల నుంచి కౌంటీ ఏ నిధి అడిగినా ముందు ఈ ప్రొఫైల్‌నే బల్ల మీద పెడతారు. కాబట్టి అందులో ఒక వాక్యం తప్పు పడితే ఆ తప్పు చాలా దూరం వెళుతుంది. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన రోజే తెలుసు. అయినా తప్పు రాశాను.

ఇక్కడికి రాకముందు మేము పదకొండేళ్లు జెర్సీ సిటీలో ఉన్నాం. ఇరవై మూడో అంతస్తులో ఫ్లాట్ కొంటూ కూడా ఈశాన్యం మూల ఎటుందో దిక్సూచి పట్టి చూసుకునే మిత్రబృందం మాది. అక్కడ ఈశాన్యాన ఉన్నది పక్క భవనం వాళ్ల ఏసీ యంత్రాలని వాదించి, చాలామంది పిల్లల పుట్టినరోజు పిలుపులు పోగొట్టుకున్నదాన్ని నేను. గుంటూరు జిల్లాలో కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో మాట్లాడి గొంతు పదును పెట్టుకున్నాను. మా ఆయన తీరు వేరు. ఆయన గుడికి వెళతాడు, నేను కారులో కూర్చుని పుస్తకం చదువుకుంటాను. మా కాపురం ఈ ఒప్పందం మీదే సాఫీగా నడిచింది. ఆయనకు ఇక్కడి కోళ్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం వచ్చింది. నా స్టాటిస్టిక్స్ డిగ్రీకి కౌంటీలో ఈ చిన్న గది దొరికింది.

మా పట్టికలు చెప్పే కథ మొదట చూస్తే దిగులుగా ఉంటుంది. చదువబ్బిన పిల్లలు హైస్కూలు దాటగానే వెళ్లిపోతారు. మిగిలేది పెద్దవాళ్లు, ఫ్యాక్టరీ పనివాళ్లు, బడిలో టీచర్లు. ప్రసవానికి పక్క కౌంటీకి పోవాలి. ఊళ్లో ఉన్న ఒక్క చవక సరుకుల డాలర్ స్టోర్‌లో తాజా ఉల్లిపాయ కనిపిస్తే ఫోన్లు చేసుకుంటాం. కానీ ఒక గడి మాత్రం నన్ను తికమక పెట్టింది. ఆదాయం ఇంత తక్కువగా ఉన్న చోట సొంత ఇళ్లున్నవాళ్లు ఎక్కువ. పోయినేడాది తుఫాను వచ్చి కప్పులు లేచిపోయిన తర్వాత, ఇంటి మరమ్మతుకు సాయం చేసే పథకం ఒకటి వచ్చింది. ఇన్ని సొంత ఇళ్లుండి కూడా మా కౌంటీ నుంచి ఆ సాయం అందుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఎందుకని?

నాకు జవాబు వెంటనే తట్టింది. అదే నా తప్పుకు మొదలు. ఎరువుల దుకాణం దగ్గర ఒక ముసలాయన ఓసారి నాతో అన్నాడు, వీలునామా రాయడమంటే చావుకు కబురు పెట్టడమేనని. ఆ మాట వినగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయనా అచ్చం ఇలాగే అనేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆ నమ్మకం మీద నేనొక ఉపన్యాసం దంచాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంకేం? ప్రొఫైల్ ముసాయిదాలో ఇలా రాశాను: ‘ఇక్కడివారు వీలునామా రాయడం అశుభమని నమ్ముతారు. కష్టం వస్తే దేవుడే చూసుకుంటాడన్న నిర్లిప్తత కూడా ఉంది. అందువల్ల ఆస్తి పత్రాలు సరిగా లేక, సాయానికి ముందుకు రారు.’ రాసి, ఆ పేజీ చూసుకుని మురిసిపోయాను.

మా గదికి ఎదురుగా ఆస్తిపన్ను కౌంటర్ ఉంది. అక్కడ పనిచేసే ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్ద. నల్లజాతి మనిషి, ఐదు తరాలుగా ఈ కౌంటీయే వాళ్ల ఊరు. మొదటి రోజు నుంచీ నన్ను హనీ అనే పిలిచింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆ మాటకు అర్థం అడిగి, చెప్పాక, “అయితే మానకు” అంది. మధ్యాహ్నాలు ఇద్దరం కలిసే తింటాం. ఉప్పు వేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఈ ప్రాంతంలో రోడ్డు పక్కన గిన్నెల్లో అమ్ముతారు. అవి మా ఊరి రుచే. మా స్నేహం అక్కడ మొదలైంది. నా ముసాయిదాల్లో ఇంగ్లీషు దిద్దేది కూడా ఆమే.

ఆ రోజు కాయలు వలుస్తూ అక్క అడిగింది, “హనీ, ఈ పేజీ రాసింది నువ్వేనా, కంప్యూటరా?”

“నేనే అక్కా. బాగుందా?”

“భాష బాగుంది. ఈ మూఢనమ్మకం ఎవరిదో కనుక్కుందామని. నాదేనేమో అనిపించి అడుగుతున్నా.”

నేను నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు.

“మా ఇంటి మీద నీలం టార్పాలిన్ చూశావుగా?” అంది. “సాయానికి నేను ముందుకు రాలేదనుకున్నావా? మూడుసార్లు వెళ్లా. మూడుసార్లూ ఒకటే ప్రశ్న, ఇల్లు నీదని రుజువేది అని. కాగితం మా ముత్తాత పేరు మీద ఉంది. ఆయన పోయి డెబ్బై ఏళ్లయింది. వచ్చి సంతకం పెట్టమనమంటావా?”

“మరి ఆయన వీలునామా...”

“రాయలేదు. ఎక్కడికెళ్లి రాస్తాడు? ఈ బిల్డింగ్‌కే రావాలి. ఆయన తండ్రి బానిసగా పుట్టినవాడు. ఈయన కష్టపడి ఆ భూమి కొన్నాడు. ఆ రోజుల్లో నల్లవాడు భూమి కాగితం పట్టుకుని ఈ మెట్లెక్కితే, దిగేటప్పుడు చేతిలో కాగితం ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని రాలేదు. లెక్క వేసుకునే రాలేదు, హనీ. నీలాగే లెక్క వేసుకున్నాడు.” కాయ ఒకటి నోట్లో వేసుకుని, “ఇప్పుడు ఆయన మునిమనవరాలు ఈ బిల్డింగ్‌లోనే కూర్చుని, ఏటా ఆయన పేరున పన్ను కట్టి, ఆయన పేరున రసీదు తనే కొట్టుకుంటోంది” అంది.

వాళ్ల ముత్తాత సంతానమంతా ఆ ఇంటికి ఉమ్మడి వారసులు. పంపకం జరగలేదు, పేరు మారలేదు. తెలుగు పాఠకులకు ఈ చిక్కు విడమరచనక్కర్లేదు. మన ఊళ్లలో ఇలాంటి ఉమ్మడి గోడలెన్ని కూలలేదు! అయినా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. తట్టింది మూఢనమ్మకం. ఒక్క ముసలాయన ఒక్కసారి అన్న మాటను కౌంటీ మొత్తానికి అంటగట్టాను. రుజువు లేకుండా ఏదీ నమ్మకూడదని ముప్పై ఏళ్లు అరిచినదాన్ని, నాకిష్టమైన జవాబు దొరకగానే రుజువు అడగడం మానేశాను. పేదవాడి ప్రతి కష్టానికీ వాడి బుర్రే కారణమనడం మన సంస్కర్తలకున్న పాత జబ్బు. అది నాకు అంటుకుందని నాకే తెలియలేదు.

పేజీ చింపేశాను. “ఏం కావాలంటున్నారో సరిగ్గా కనుక్కుందాం, అక్కా” అన్నాను.

పథకంలో చివరి విడత దరఖాస్తులకు ఇంక ఐదు వారాలే గడువు. అక్క ఇంటి వాసాలు తడిసి మెత్తబడ్డాయి. ఇంకో తుఫాను కాలం ఆగవని వడ్రంగి చెప్పాడు. ఈసారి సాయం రాకపోతే ఆ ఇల్లు వదిలి, ఫ్లోరిడాలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోవాలి. ఆమె పుట్టిన ఇల్లు అది.

ఉచితంగా న్యాయ సహాయం చేసే లాయరమ్మ ఒకామె నెలకోసారి కోర్టు భవనానికి వస్తుంది. విషయం విని ఆమె ఒక దారి చెప్పింది. ముత్తాత నుంచి ఈనాటి వరకు వంశవృక్షం పూర్తిగా కావాలి. ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరికి ఎవరు పుట్టారు, ఒక్కరు కూడా తప్పకూడదు. అది నిజమని ఆ కుటుంబానికి చుట్టం కాని, కుటుంబాన్ని ఎరిగిన మనిషి ప్రమాణ పత్రం ఇవ్వాలి. బతికున్న పెద్ద వారసులు మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. ఇవన్నీ రికార్డు చేయిస్తే పథకం వాళ్లు ఒప్పుకుంటారు.

వంశవృక్షం కోసం కోర్టు రికార్డులు తీస్తే సగం మనుషులే దొరికారు. మిగతా సగం ఉత్తరాదికి బతకబోయి అక్కడే పోయారు. వాళ్ల జాడ మా పుస్తకాల్లో లేదు.

“చర్చిలో ఉంది,” అంది అక్క. “వాళ్లెక్కడ చచ్చిపోయినా మా చర్చిలోనే ఉన్నారు.”

ఇక్కడి నల్లవాళ్ల చర్చిలో ఎవరైనా పోతే, ఆ రోజు నాలుగు పేజీల చిన్న పుస్తకం అచ్చేసి పంచుతారు. మీద ఫొటో, లోపల పుట్టిన రోజు, తల్లిదండ్రులు, ముందే పోయినవాళ్లు, బతికున్న అన్నదమ్ములు, పిల్లలు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో సహా. ఆ పుస్తకాలను ఎవరూ పారేయరు. ఉత్తరాదిలో ఎవరి అంత్యక్రియలకు వెళ్లినా ఒక ప్రతి సొంతూరి చర్చికి తెచ్చి ఇస్తారు. ప్రభుత్వం రాయని జనాభా లెక్కలు అవి. వాటిని అరవై ఏళ్లుగా చెప్పుల పెట్టెల్లో దాస్తున్నది ఆ చర్చి సెక్రటరీ, ఎనభై తొమ్మిదేళ్ల పెద్దావిడ.

ఆదివారం నేను బయలుదేరుతుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి తమాషా చూశాడు. “పెళ్లయిన కాణ్నుంచి గుళ్లోకి రమ్మంటే కార్ దిగలేదు. ఇప్పుడు చర్చ్‌కి నువ్వే డ్రైవ్ చేసుకుంటూ పోతున్నావా?”

“డేటా కోసం పోతున్నా.”

“మా గుళ్లో కూడా డేటా ఉంది తల్లీ. గోత్రాలతో సహా.”

“గోత్రాలు డేటా కాదు.”

“సరేలే, ప్రసాదం పెడితే నాకూ తీసుకురా.”

ప్రార్థన అయిపోయాక, వెనక హాల్లో భోజనాల దగ్గర పెద్దావిడను కలిశాను. పెద్ద లేత ఊదా టోపీ, తెల్ల చేతి తొడుగులు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“నీది ఏ చర్చి, హనీ?”

“నాకు చర్చి లేదండీ.”

“పోనీ, ఏ దేవుడు?”

“దేవుడు లేడనే అనుకుంటానండీ.”

“ఆయనకా సంగతి తెలుసా?” అంది ఆవిడ. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. “సరే, కోడి తినడానికి ఆయనతో పని లేదుగా. ప్లేటు తీసుకో” అంది.

మూడు వారాంతాలు ఆ పెట్టెల ముందు కూర్చున్నాం. మ్యాపులు ప్రింట్ చేసే పొడుగు కాగితం చుట్ట ఒకటి ఆఫీసు నుంచి తెచ్చి, బల్లల మీద పరిచి, పైన ముత్తాత పేరు రాసి కొమ్మలు దించుకుంటూ వచ్చాం. ఒక్కో పుస్తకం తీసినప్పుడల్లా పెద్దావిడ ఆ మనిషి ఎలా నడిచేవాడో, ఏ పాట తప్పు పాడేవాడో చెప్పేది. నేను తేదీలు రాసుకునేదాన్ని. చివరకు కొమ్మలన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.

ముత్తాత ఆఖరి కొడుకు ఫిలడెల్ఫియాలో పోయాడు. ఆయన పుస్తకంలో పుట్టిన సంవత్సరం ఉంది. ముత్తవ్వ పుస్తకంలో ఆవిడ పుట్టిన సంవత్సరం ఉంది. జనాభా శాస్త్రం చదివినవాళ్ల కళ్లు ముందు వెళ్లేది తల్లి వయసు మీదికే. తీసేసి చూస్తే, ఆయన పుట్టేనాటికి ముత్తవ్వకు యాభై ఆరేళ్లు. ఇంట్లో ఉన్న ఆఖరి కూతురికి పదహారు.

నేను పెన్సిల్ కింద పెట్టాను. అక్క నా ముఖం చూసి, కాగితం చూసి, తనూ తీసివేత చేసుకుంది.

“నువ్వు చూడకపోయుంటే బాగుండేది, హనీ” అంది.

లాయరమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఖచ్చితంగా చెప్పింది. అనుమానం ఉన్న చోట ఊహించి రాస్తే రేపు ఎవరైనా వేలు పెట్టి మొత్తం కాగితం కొట్టేయించవచ్చు. ఆయన ముత్తాతకు కొడుకా, ఆ ఆఖరి కూతురికి పుట్టిన మనవడా అన్నది తేలాలి. ఆయనకు ఒక కూతురు ఉంది, ఫిలడెల్ఫియాలోనే. ఆ ఆఖరి అమ్మాయికి తర్వాత పెళ్లయినా పిల్లల్లేరు. నిజం తేలితే ఆమె వాటా మొత్తం ఈ ఫిలడెల్ఫియా ఆమెదే. ఇక్కడ ఇంకో భయం ఉంది. కలప కోసం భూములు కొనేవాళ్లు ఇలాంటి దూరపు వారసులకే ఉత్తరాలు రాస్తారు. ఒక్కరి వాటా కొని, ఆ ఒక్క వాటా పట్టుకుని కోర్టుకెక్కి, భూమి మొత్తం అమ్మకానికి పెట్టిస్తారు. కప్పు కోసం పోతే ఇల్లే పోవచ్చు.

“ఆయన్ని వదిలేసి రాస్తే?” అంది అక్క. వెంటనే తనే తల అడ్డంగా ఊపింది. “వద్దు. మమ్మల్నందరూ కాగితాల్లో వదిలేసే కదా పరిస్థితి ఇక్కడికొచ్చింది.”

నిజం తెలిసినది పెద్దావిడకే. చుట్టం కాని సాక్షిగా ప్రమాణ పత్రం ఇవ్వాల్సింది కూడా ఆవిడే. ఆ అమ్మాయి ఆవిడకు చిన్ననాటి స్నేహితురాలు. అడిగాం. ఆవిడ చేతి తొడుగులు సరిచేసుకుని, “మాటిచ్చాను” అంది. అంతే.

అక్కడ నేను పాత అలవాటు చొప్పున వాదన మొదలుపెట్టాను. సత్యం గురించి, చచ్చిపోయినవారి కంటే బతికున్నవారి హక్కుల గురించి, దాపరికం ఎప్పుడూ ఆడవాళ్ల మీదే ఎందుకు పడుతుందన్న దాని గురించి. ఒక్క మాటా తప్పు కాదు. ఇప్పటికీ వాటి మీద నిలబడతాను. ఆవిడ ఓపిగ్గా విని, “చర్చికి రానంటావు గానీ, మా పాస్టర్ కంటే పొడుగ్గా చెబుతావే” అని పెట్టెలు సర్దేసింది.

గడువు ఇంక తొమ్మిది రోజులు. ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన కాఫీ కలుపుతూ అడిగాడు, “ఆవిడ పక్షం ఏంటో చెప్పావా?”

“ఆవిడ పక్షం నేనెందుకు చెబుతాను?”

“కాలేజీలో చెప్పేదానివిగా. నిన్ను ఫస్ట్ టైమ్ చూసిందే ఆ సభలో. ఎదుటివాడి వాదన నువ్వే లేచి చెప్పావు. వాడు కూడా అంత బాగా చెప్పలేదు. తర్వాత ఉతికి ఆరేశావనుకో. ఇక్కడ డైరెక్ట్‌గా ఉతకడమే స్టార్ట్ చేసినట్టున్నావు.”

మాకు వాదన నేర్పిన మాస్టారు పెట్టిన మొదటి నియమం అది. ముందు పూర్వపక్షం. ఎదుటి మనిషి తన వాదనను నీ నోట విని, అవును ఇదే నా మాట అని ఒప్పుకోవాలి. అప్పుడే నీ జవాబు. ఒప్పుకోకపోతే కూర్చోవాలి. ప్రొఫైల్ పేజీలోనూ నేను ఎగ్గొట్టింది ఇదే. ఆ జనం పక్షం ఏమిటో వాళ్లను అడగకుండానే తీర్పు రాశాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసయ్యాక అక్కా నేనూ మళ్లీ వెళ్లాం. పెద్దావిడ హాల్లో ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

“ఇవాళ నేను వాదించనండీ” అన్నాను. “మీ మాట నేను చెబుతాను. తప్పుంటే దిద్దండి.”

“కానివ్వు.”

“ఆ పిల్లకు పదహారేళ్లు. తప్పంతా తనదేనని ఊరు అంటుంది. తల్లిదండ్రులు ఆ బిడ్డను తమ బిడ్డని చెప్పి పెంచారు. దాన్ని మోసమనడానికి ఎవరికీ హక్కు లేదు. పిల్లకూ బిడ్డకూ ఇద్దరికీ కాపు కాశారు. దానికి మీరు సాక్షి. ఇప్పుడు ఒక కప్పు కోసం, ఎవరో గుమాస్తా ఫైల్లో పెట్టుకోవడానికి, ఆమె పేరు బయటపెట్టమంటున్నాం. ఆమె వచ్చి తన మాట తను చెప్పుకోలేదు. అందుకే మీరు నోరు విప్పరు. ఇదేనా?”

ఆవిడ కుర్చీలో కూర్చుంది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. టోపీ లేకుండా ఆవిడ చాలా చిన్నగా ఉంది.

“ఇదే. కానీ ఒకటి వదిలేశావు” అంది. “ఆ ఏడే, పెళ్లి కాకుండా కడుపుతో ఉందని ఇంకో పిల్లని, అదిగో ఆ ముందు బల్ల దగ్గర నిలబెట్టారు. అందరి ముందూ క్షమాపణ చెప్పించారు. దీన్ని మళ్లీ చర్చిలోకి రానిద్దామా, చేతులెత్తండి అన్నారు. నాకు పద్నాలుగేళ్లు. నేనూ ఎత్తా. కానీ పక్కవాళ్లు ఎత్తారో లేదో చూసి ఎత్తా. అది ఆ పిల్ల చూసింది. తర్వాత నెల నా స్నేహితురాలు వచ్చి తన సంగతి చెప్పింది. దాన్ని అక్కడ నిలబడనివ్వనని మాటిచ్చా. మాటంటే అదీ.”

చేతులెత్తించిన ఆ ఆచారం మీద నిప్పులు కురిపించాలని ఉంది. కానీ నా కంటే ముందే, నాకంటే ఎక్కువగా, ఒక పద్నాలుగేళ్ల పిల్ల తన మాటతో దాన్ని కాదంది.

ఆవిడే మళ్లీ అంది. “ఇప్పుడెవర్నీ అక్కడ నిలబెట్టరు. నేనే మాన్పించా, సెక్రటరీ అయిన ఏడాది. కాబట్టి దాని పేరు చెబితే ఇప్పుడు నిలబెట్టేవాళ్లు లేరు.” టోపీ మళ్లీ తలకు పెట్టుకుంది. “సంతకం పెడతా. కానీ ఫిలడెల్ఫియా పిల్ల కాగితంలో చదివి తెలుసుకోకూడదు. నా నోటితో నేను చెబుతా. పెట్టు ఫోను.”

అక్క అప్పటికప్పుడే ఫోన్ స్పీకర్‌లో పెట్టి మధ్య బల్ల మీద ఉంచింది. పెద్దావిడ తనెవరో చెప్పి, ఏమీ తొక్కిపెట్టకుండా మొత్తం చెప్పింది. ఫోన్ కట్టయిందేమోనని అక్క వంగి చూసింది.

“మా నాన్న చివర్లో హాస్పిటల్లో నన్నడిగాడు” అంది అవతలి గొంతు. “మా అమ్మ నన్నెత్తుకున్న ఫొటో ఒక్కటీ లేదే, అక్క ఎత్తుకున్నవే ఉన్నాయేంటి అని. నేనేం చెప్పగలను? అప్పట్లో ఫిల్మ్ ఖరీదు నాన్నా అన్నా.”

పెద్దావిడ తన కుర్చీని ఫోన్ దగ్గరికి జరుపుకుంది.

“చెప్పండి, నన్నేం చేయమంటారు?” అందామె.

అక్క కప్పు సంగతి చెప్పింది, సంతకం సంగతి చెప్పింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, “నీ వాటా కొంటామని ఎవరైనా రాయొచ్చు. అమ్ముకుంటే అది నీ హక్కు. నేనేమీ అనను” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేయి బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

“రెండు ఉత్తరాలొచ్చాయి. మా నాన్నకు అక్కడేముందిలే, ఎవడో మోసగాడని పారేశా” అందామె. “మూడోది కూడా పారేస్తాలే. కాగితం పంపించు. ఇంతకీ మీ ఫ్యామిలీ రీయూనియన్ జులైలోనే కదా? ఒక్కో కొమ్మకి ఒక్కో రంగు టీషర్టు వేస్తారటగా?”

“వేస్తాం. మీ నాన్నమ్మ కొమ్మకి ఇప్పటిదాకా రంగు లేదు. నీకేది కావాలి?”

“పసుపు. ఎక్స్‌ట్రా లార్జ్. లార్జ్ పంపించి నన్ను అవమానించొద్దు.”

పెద్దావిడ పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

గడువుకు రెండు రోజుల ముందు, వారసుల సంతకాలతో సహా కాగితాలన్నీ మా భవనం పై అంతస్తులోనే రికార్డయ్యాయి. పెద్దావిడ తన టోపీతో మెట్లెక్కి వచ్చి సంతకం పెట్టింది. దరఖాస్తు వెళ్లింది. శీతాకాలం మొదట్లో మంజూరు ఉత్తరం వచ్చింది. వసంతంలో పాత వాసాలు తీసి కొత్తవి వేశారు. అక్క ఆ వారం రోజులూ సెలవు పెట్టి, పెరట్లో కుర్చీ వేసుక్కూర్చుని, ప్రతి మేకూ తనే కొడుతున్నంత శ్రద్ధగా చూసింది. పనివాళ్లు ఆమెను మేడమ్ అని కాకుండా బాస్ అని పిలిచారు.

ఇదంతా చూసి నేను దేవుణ్ణి నమ్మడం మొదలుపెట్టానేమోనని జెర్సీ సిటీ మిత్రులు ఆశపడ్డారు. లేదు. ఒక చర్చి తన తప్పును తనే మానుకోగలదని నమ్ముతున్నాను. అది మనుషుల మీద నమ్మకం. అందుకు నా దగ్గర రుజువుంది.

ప్రొఫైల్‌లో ఆ పేజీ తిరగరాశాను. ఈ కౌంటీలో పేదవాళ్ల చేతిలో భూమి ఉంది, అది తరతరాలుగా నిలిచింది, నిలిచిన తీరే ఇవాళ సాయానికి అడ్డుపడుతోంది, కాగితం సరిచేస్తే ఈ ఇళ్లే కౌంటీకి పెద్ద బలం అని రాశాను. కౌంటీ బోర్డు ముందు చదివి వినిపించాను. గంటసేపు వాదించారు. నేను ముందు వాళ్ల పక్షం చెప్పాను. తర్వాత నాది. చివరకు నెలకో బుధవారం కోర్టు భవనం హాల్లో ఒక బల్ల వేసుకోవడానికి ఒప్పుకున్నారు. లాయరమ్మ వస్తుంది, అక్కా నేనూ కూర్చుంటాం.

మొదటి బుధవారం వరసలో ముందున్నవాడు పొడుగాటి తెల్ల రైతు. బూట్లకు వేరుశనగ చేల ఎర్రమట్టి. టోపీ చేతిలో నలుపుతూ, ఎవరితో మాట్లాడాలో తెలియక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“చచ్చిపోయినవాళ్ల పేరు మీదున్న ఇళ్లు చూసేది ఇక్కడేనా, మేడమ్? మా తాత పేరు మీదుందండీ. కప్పు కారుతోంది. ఈ చిక్కు మా ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదనుకున్నా” అన్నాడు.

“అందరూ అలాగే అనుకుంటారు. కూర్చోండి” అంది అక్క. కొత్త కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచి, పెన్సిల్ తీసుకుంది. “మీ తాత పేరు చెప్పండి. పైన రాద్దాం.”